మూడణాల ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి?

1963 ఆగస్టులో లోక్‌సభలో ఒక ప్రతిపక్ష సభ్యుడు లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది ప్రజలు రోజుకు మూడణాల మీద బ్రతుకుతున్నారని అన్నారు. నయాపైసలు వచ్చి అప్పటికి ఆరేళ్లు దాటినా సామాన్య జనం నోట లెక్క ఇంకా అణాలలోనే నడుస్తున్నది. మూడణాలంటే పావలాకు ఒక అణా తక్కువ. తిండి, గుడ్డ, దీపానికి కిరసనాయిలు, బిడ్డకు జ్వరం వస్తే మందు, అన్నీ అందులోనే.

ఆ సభ్యుడు డాక్టర్ రామమనోహర్ లోహియా. 1962 సాధారణ ఎన్నికలలో ఫూల్‌పూర్ నియోజకవర్గంలో సాక్షాత్తూ ప్రధాని నెహ్రూ మీద పోటీ చేసి ఓడిపోయి, మరుసటి సంవత్సరం ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి సభకు వచ్చినవారు. సందర్భం ఆచార్య కృపలానీ ప్రతిపాదించిన అవిశ్వాస తీర్మానం. స్వతంత్ర భారత లోక్‌సభ చర్చించిన మొదటి అవిశ్వాస తీర్మానం అదే. ఓటింగులో దానికి అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చాయి. ప్రభుత్వం చెక్కు చెదరలేదు. అయినా ఆ ఓట్ల సంఖ్యలు నేడు ఎంతమందికి గుర్తున్నాయి? మూడణాల మాట మాత్రం అరవై ఏళ్లు దాటినా మరుగున పడలేదు.

దానికి కారణమేమిటో, కార్మికోద్యమం దాని నుండి నేర్చుకోవలసినదేమిటో మా పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. లోహియా రాజకీయాలన్నింటితోనూ మాకు ఏకీభావం లేదు. కాంగ్రెసును ఓడించడమే పరమావధిగా ఆయన కట్టిన కూటములు ఎటువంటి శక్తులకు బాట వేశాయో మా పాఠకులకు తెలియనిది కాదు. కాని ఒక ప్రతిపక్ష సభ్యుడు పేదవాని ఆదాయాన్ని దేశపు అత్యున్నత సభలో చర్చనీయాంశం చేసిన తీరును మెచ్చుకొనడానికి ఆయన పార్టీ సభ్యత్వం అవసరం లేదు.

సగటు వెనుక దాగినది

లోహియా మాటకు ప్రధాని నెహ్రూ సమాధానమిచ్చారు. ప్రణాళికా సంఘం లెక్కల ప్రకారం తలసరి ఆదాయం రోజుకు మూడణాలు కాదు, పదిహేనణాలు అన్నారు. రూపాయికి ఒక్క అణా తక్కువ. లోహియా ఊరుకోలేదు. ఈ అంశం మీదనే ప్రత్యేక చర్చ కావాలని పట్టుబట్టారు. సెప్టెంబరులో ఆ చర్చ జరిగింది. దేశమంతటా పత్రికలలోనూ, టీకొట్ల దగ్గరా మూడణాలు, పదిహేనణాల వాదం సాగింది.

ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడా కేవలం పన్నెండణాల తేడా కాదు. అవి రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక ఊరిలో పదిమంది కూలీలున్నారు. ఒక్కొక్కరి రోజు ఆదాయం మూడణాలు. అదే ఊరిలో ఒక భూస్వామి ఉన్నాడు. అతని రోజు ఆదాయం ఎనిమిది రూపాయల ఏడణాలు. పదకొండుగురి ఆదాయం కలిపి పదకొండు చేత భాగించండి. సగటు సరిగ్గా పదిహేనణాలు వస్తుంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కాని ఆ ఊరిలో పదిహేనణాలు సంపాదించేవాడు ఒక్కడు కూడా లేడు. ప్రధాని దేశం మొత్తం ఆదాయాన్ని తలలతో భాగించి చెప్పారు. లోహియా అడుగున ఉన్న నూటికి అరవై మంది కంచంలో ఏమున్నదని అడిగారు.

ఆ అరవై మంది ఎవరు? భూమి లేని వ్యవసాయ కూలీలు, చేనేత వారు, చేతివృత్తుల వారు, దళితులు, గిరిజనులు, వీరందరి ఇళ్లలోనూ చివర తినే స్త్రీలు. వెనుకబడిన కులాలకూ, దళితులకూ, గిరిజనులకూ, స్త్రీలకూ నూటికి అరవై స్థానాలు ఇవ్వాలని లోహియా పార్టీ కోరడం, అరవై శాతం మంది ఆదాయం గురించి ఆయన సభలో నిలదీయడం వేరువేరు విషయాలు కావు. ఈ దేశంలో కూలి గురించిన ప్రశ్న కులం గురించిన ప్రశ్నను తాకకుండా పోదు. యూనియన్లలో మనం దీనిని గుర్తించడంలో చాలా ఆలస్యం చేశామని ఒప్పుకొనడంలో తప్పు లేదు.

మూడణాలన్నది అక్షరాలా సరైన లెక్కేనా అన్న సంశయం న్యాయమైనదే. కూలీకి గింజల రూపంలో ముట్టేదానిని, పొలం గట్టున ఏరుకున్న ఆకుకూరను అణాలలో ఎలా కట్టాలన్న ఇబ్బంది ఉండనే ఉన్నది. కాని పదిహేనణాల మాట మరింత పెద్ద సత్యాన్ని కప్పివేసింది. ప్రణాళికా సంఘం 1962లో నియమించిన నిపుణుల బృందం ఒక మనిషి బ్రతకడానికి 1960-61 ధరల ప్రకారం నెలకు కనీసం 20 రూపాయలు కావాలన్నది. విద్య, వైద్యం ప్రభుత్వమే చూసుకొంటుందని అనుకొని వాటి ఖర్చును అందులో కలపలేదు. నెలకు 20 రూపాయలంటే రోజుకు పది, పదకొండు అణాల మధ్య పడుతుంది. పదిహేనణాల సగటును నమ్మితే ఈ దేశంలో పేదరికమే లేదనుకోవాలి. 1971లో దాండేకర్, రథ్ అనే ఆర్థికవేత్తలు వెలువరించిన అధ్యయనం గ్రామాలలో నెలకు 15 రూపాయలు, పట్టణాలలో 22 రూపాయల 50 పైసలు కనీస వ్యయంగా తీసుకొన్నది. అంటే గ్రామంలో రోజుకు అర్ధరూపాయి, పట్టణంలో ముప్పావలా. అంత తక్కువ గీత గీసినా 1960-61లో గ్రామీణులలో నూటికి 40 మంది, పట్టణవాసులలో నూటికి 50 మంది ఆ గీతకు దిగువనే ఉన్నారని వారు తేల్చారు. సగటు చూపించిన సౌభాగ్యం ఎవరిదో అప్పుడు బయటపడింది.

ప్రతిపక్ష సభ్యుని ప్రశ్న ఆనాడు ఎవరి కడుపూ నింపలేదు. కాని ప్రభుత్వం తన సొంత అంకెలను సభ ముందు పరచి వాటిని సమర్థించుకొనక తప్పని స్థితి కల్పించింది. పేదరికాన్ని జాలితో కాక లెక్కతో మాట్లాడవలసిన విషయంగా చేసింది. పార్లమెంటులో ప్రశ్నకు ఉన్న బలం అదే. ఫ్యాక్టరీ గేటు ముందు ఇదే ప్రశ్న అడిగిన కార్మికునికి చార్జిషీటు దొరుకుతుంది. సభలో మాట్లాడిన సభ్యునికి రాజ్యాంగంలోని 105వ అధికరణ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ సభ్యుని సొంత ఆస్తి కాదు. గేటు ముందు నోరు విప్పలేని వారి తరఫున ఉపయోగించవలసిన ఉమ్మడి ఆస్తి.

బయట బలం, లోపల గొంతు

చట్టసభను ఈ విధంగా వాడుకొనడం మన ఉద్యమానికి కొత్త కాదు. 1920లో మద్రాసు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల వివాదంలో యాజమాన్యం కార్మిక నాయకుడు బి.పి. వాడియా మీద హైకోర్టుకెక్కి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకొన్నది. కార్మికులను సంఘంగా కూడగట్టడమే నాయకుల నేరమైంది. అటువంటి స్థితిలో 1921లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాల నమోదుకు, రక్షణకు చట్టం కావాలని తీర్మానం ప్రవేశపెట్టారు. విదేశీ ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యుడే ఆయన. అయినా ఆయన వెనుక సమ్మెలలో రాటుదేలిన కార్మికవర్గం ఉన్నది. అయిదేళ్లు పట్టింది. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. దశాబ్దాల తరబడి మన సంఘాల బోర్డుల మీద ఉన్న రిజిస్టర్డ్ నంబరుకు మూలం ఆ తీర్మానమూ, ఆ సమ్మెలూ రెండూను. ఒక్కటి మాత్రమే ఉండి ఉంటే చట్టం వచ్చేది కాదు.

మన ప్రాంతపు అనుభవమూ అదే చెబుతుంది. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు సభ్యుల నాయకుడైన పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడులో వ్యవసాయ కూలీలను సంఘటితం చేసి ఎదిగినవారు. ఆయన సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లేవారన్న సంగతిని అందరూ ముచ్చటగా చెప్పుకొంటారు. మేము గుర్తు చేయదలచినది సైకిలును కాదు. సభలో ఆయన కూలి గురించి మాట్లాడితే అది పుస్తకంలో చదివిన కూలి కాదు. ఏ పనికి ఎన్ని శేర్లు కొలుస్తారో, కొలిచే మానికలో మోసమెక్కడో ఎరిగిన వానికీ, అధికారి వ్రాసి ఇచ్చిన కాగితం చదివే వానికీ ఉన్న తేడా సభ మొత్తానికీ తెలుస్తుంది.

లెక్క లేదన్న జవాబు

ఇక నేటి కాలానికి వద్దాం. 1963లో ప్రభుత్వం తప్పుదారి పట్టించే లెక్క చెప్పింది. 2020లో లెక్కే లేదన్నది. ఆ ఏడాది లాక్‌డౌన్‌లో కోటి మందికి పైగా వలస కార్మికులు స్వస్థలాలకు తిరిగి వెళ్లారని ప్రభుత్వమే ఒప్పుకొన్నది. వారిలో ఎంతమంది దారిలో మరణించారని సభ్యులు అడిగితే, సెప్టెంబరు 14న కార్మిక మంత్రిత్వ శాఖ లోక్‌సభకు ఇచ్చిన వ్రాతపూర్వక సమాధానం అటువంటి సమాచారం లేదని. సమాచారమే లేదు కనుక నష్టపరిహారం ప్రశ్నే తలెత్తదని. మండుటెండలో పిల్లలను భుజాన వేసుకొని వందల మైళ్లు నడిచిన వారి చావుకు ఈ దేశపు రికార్డులో ఒక గడి కూడా కేటాయించలేదు.

ఆ తరువాత కొద్ది రోజులకే రాజ్యసభలో మరొక ప్రతిపక్ష సభ్యుడు అడిగిన ప్రశ్నకు రైల్వే శాఖ జవాబిస్తూ, సెప్టెంబరు 9 వరకు శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో 97 మంది మరణించారని చెప్పింది. పోలీసుల వద్ద ఆ లెక్క ఉన్నది. సూటిగా అడిగేసరికి బయటకు వచ్చింది. ఆ సమావేశాలలో ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేశారు. వ్రాతపూర్వక జవాబులు తప్ప, మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేసే అవకాశం లేదు. అయినా 97 అన్న సంఖ్య రికార్డుకెక్కింది. ప్రశ్నోత్తరాల సమయం ఉండి ఉంటే మరెన్ని నిజాలు బయటపడేవో పాఠకులే ఊహించుకోవచ్చును.

అదే సమావేశాలలో సెప్టెంబరు 22న లోక్‌సభ, 23న రాజ్యసభ పారిశ్రామిక సంబంధాలు, సాంఘిక భద్రత, వృత్తి భద్రతలకు సంబంధించిన మూడు లేబర్ కోడ్‌లను ఆమోదించాయి. వ్యవసాయ బిల్లుల గొడవలో రాజ్యసభ నుండి ఎనిమిది మంది సభ్యులు సస్పెండు కాగా, ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉన్నది. కోట్లాది కార్మికుల ఉద్యోగ భద్రతను, సమ్మె హక్కును తాకే చట్టాలు ఎదురు ప్రశ్న లేని సభలో గట్టెక్కాయి. బహిష్కరణకు కారణాలుండవచ్చును. కాని ఖాళీ బల్లలు ప్రశ్నలు అడగవు.

వేతనాల కోడ్ సంగతి ఇంకా చేదైనది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనం ఎలా కట్టాలో స్పష్టంగా చెప్పింది. కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు, తగినంత పోషకాహారం, ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. సుప్రీంకోర్టు 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం వగైరాలకు మరొక 25 శాతం కలపాలన్నది. ప్రభుత్వమే నియమించిన నిపుణుల సంఘం 2019 ఆరంభంలో రోజుకు 375 రూపాయలు జాతీయ కనీస వేతనంగా ఉండాలని సూచించింది. అదే సంవత్సరం ప్రభుత్వం ప్రకటించిన జాతీయ స్థాయి కనీస వేతనం 178 రూపాయలు. అంతకు ముందున్న 176 మీద రెండు రూపాయల పెంపు! నిపుణులు అడిగినదానిలో సగం కూడా లేదు. ఆ ఆగస్టు 2న వేతనాల కోడ్ రాజ్యసభలో ఓటుకు వచ్చినప్పుడు అనుకూలంగా 85, వ్యతిరేకంగా 8 ఓట్లు పడ్డాయి. ప్రతిపక్ష బల్లల మీద కూర్చొనే వారందరి సంఖ్య ఎనిమిదేనా? మిగిలిన వారు ఏమైనట్లు? ఎన్నికల సభలలో కార్మికుల పేరు చెప్పి ఓట్లడిగిన ప్రతి పార్టీనీ మనం ఈ ప్రశ్న అడగాలి. నాలుగు కోడ్‌లనూ 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించిన తరువాత ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం పెరిగిందే గాని తగ్గలేదు.

మరొక జవాబును కూడా ఇక్కడ చెప్పాలి. చేతితో పాకీ పని చేస్తూ ఎవరూ మరణించినట్లు సమాచారం లేదని 2021 జూలైలో రాజ్యసభకు ప్రభుత్వం తెలిపింది. మురుగు కాల్వలలో, సెప్టిక్ ట్యాంకులలో విషవాయువుకు బలైన పారిశుద్ధ్య కార్మికుల సంగతేమిటి? వారిది ఆ నిర్వచనం కిందికి రాదట. అది 'ప్రమాదకరమైన శుభ్రపరచే పని' అట! చనిపోయినవారి కులం మారలేదు, పని మారలేదు, కాగితం మీద శీర్షిక మాత్రం మారింది. ఈ మాయను అందరికంటే ముందు పట్టుకొన్నది ఎవరు? కోలారు బంగారు గనుల కార్మికవాడలో పుట్టిన తెలుగువాడు బెజవాడ విల్సన్, ఆయన సహచరులు నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్. ఊరూరా తిరిగి చనిపోయినవారి పేర్లు వారే వ్రాసుకొన్నారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 తీర్పు ప్రతి మృతుని కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నది. 2023లో మరొక తీర్పు దానిని 30 లక్షలకు పెంచింది. ప్రభుత్వం లెక్క లేదన్న చోట బాధితులే లెక్క కట్టారు. సభలో ప్రశ్న అడిగే సభ్యుని చేతికి ఆయుధం ఇచ్చింది ఆ లెక్కే.

మన కర్తవ్యం

ఇంతవరకు చెప్పినదానిలో మన ఉద్యమం మీద విమర్శ కూడా ఉన్నదని మా పాఠకులు గ్రహించే ఉంటారు. ఢిల్లీకి వెళ్లి ధర్నా చేసి, ఒక మెమొరాండం ఇచ్చి, ఫోటో తీయించుకొని తిరిగి రైలెక్కితే పని అయిపోయిందని అనుకొనే అలవాటు మనలో ఉన్నది. ప్రతిపక్ష సభ్యుడు మన తరఫున సరిగా మాట్లాడలేదని నిందిస్తాము. ఆయన చేతికి మనం ఏమిచ్చాము? ఉపన్యాసాలా, లెక్కలా?

కనుక మా విజ్ఞప్తి ఇది. ప్రతి శాఖా సంఘం తన పరిధిలోని కాంట్రాక్టు కార్మికుల వేతన చీటీలను సేకరించాలి. చేతికి ముట్టినది ఎంత, కాగితం మీద వ్రాసినది ఎంత అన్నది పక్కపక్కన పెట్టాలి. ప్రమాదాలను, మరణాలను తేదీతో సహా రిజిస్టరు చేయాలి. మన సభ్యులవే కాదు, ఏ సంఘంలోనూ లేని ఊడ్చేవారివి, హమాలీలవి, ఇటుక బట్టీల వలస కూలీలవి, ఇంటిపని చేసే స్త్రీలవి ముందుగా వ్రాయాలి. ఎందుకంటే ఈ దేశపు సగటులలో కనబడకుండా పోయేది వారే.

ఆ లెక్కలను ప్రశ్నలుగా మార్చి, పార్టీ భేదం లేకుండా, మన నియోజకవర్గ సభ్యులకు అందజేయాలి. సభ్యుడు ప్రశ్నకు ముందుగా నోటీసు ఇవ్వవలసి ఉంటుంది గనుక సమావేశాలు మొదలైన తరువాత పరుగెత్తితే లాభం లేదు. వ్రాతపూర్వక జవాబుతో సరిపెట్టే ప్రశ్న కాక, మంత్రి సభలో నిలబడి బదులివ్వవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్న అడగమని కోరాలి. అనుబంధ ప్రశ్నకు అవకాశం దానిలోనే ఉన్నది. జవాబు వచ్చిన తరువాత దానిని గేటు మీటింగులో చదివి వినిపించాలి. అబద్ధమైతే మన రిజిస్టరు చూపించి అబద్ధమని చెప్పాలి. ఓటింగు జరిగిన రోజున మన సభ్యుడు సభలో ఉన్నాడా, ఉంటే ఏ వైపు ఓటు వేశాడో కార్మికులకు తెలియజేయాలి. ప్రశ్నోత్తరాల సమయాన్ని కుదించినా, రద్దు చేసినా అది ఎంపీల హక్కు గొడవ అని ఊరుకోక, మన హక్కు మీద దెబ్బగా భావించి నిరసన తెలపాలి.

పార్లమెంటు ఒక్కటే కార్మికుని బాధలు తీరుస్తుందన్న భ్రమ మాకు లేదు. సొంతంగా బిల్లు తెచ్చి నెగ్గించుకోవడం ప్రతిపక్ష సభ్యునికి ఎంత దుర్లభమో అంకెలే చెబుతాయి. ప్రైవేటు సభ్యుల బిల్లులలో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత చట్టమైనవి 14 మాత్రమే, 1970 తరువాత ఒక్కటి కూడా లేదు. కాని బిల్లు ఓడినంత మాత్రాన ప్రశ్న ఓడదు. 347 ఓట్లు గెలిచిన సభలో 62 ఓట్ల వైపు నుండి వచ్చిన మూడణాల మాట ఈనాటికీ జవాబు అడుగుతూనే ఉన్నది.

నేడు అణాలు లేవు. పావలా కూడా చలామణిలో లేదు. కాని ప్రతి బడ్జెటు నాడూ, ప్రతి ఎన్నికల నాడూ మనకు పదిహేనణాల సగటునే వినిపిస్తున్నారు. దేశం మొత్తం ఆదాయం ఎన్ని లక్షల కోట్లయినదో చెబుతున్నారు. చెప్పనివ్వండి. మనం అడగవలసినది అడుగున ఉన్నవాని చేతికి సాయంత్రం ఎంత వచ్చిందన్న ఆ ఒక్క ప్రశ్నే. సభలో దానిని అడిగే సభ్యునికి మన మద్దతు ఉంటుంది. అడగని సభ్యునికి మన వాడలలో జవాబుదారీ ఉంటుంది. అడగడానికి కావలసిన లెక్కను కట్టే బాధ్యత మాత్రం మనదే, మరెవరిదీ కాదు.